పాప్‌కార్న్ లేని శుక్రవారం

మా కార్విల్ స్కూల్లో శుక్రవారం అంటే పాప్‌కార్న్. మంచు కురవనీ, కరెంటు పోయి రానీ, ప్రిన్సిపల్ మారనీ, తల్లిదండ్రుల సంఘం వాళ్ళ పాప్‌కార్న్ మాత్రం ఆగదు. ఒహాయో మొత్తం మీద ఇంత పద్ధతిగా నడిచే సంఘం ఇంకోటి లేదని మేమే చెప్పుకుంటాం, మేమే నమ్ముతాం.

ఆ శుక్రవారం యంత్రం దగ్గర నిలబడ్డది నదీన్ ప్రూట్. వృద్ధాశ్రమం లాండ్రీలో పని ఆమెది, శుక్రవారం సెలవు. ముందు పసుపుపచ్చ నూనె పోసింది. అది కాగిందో లేదో చూడటానికి ఒక గింజ వేసింది. గింజ పేలాక గ్లాసుడు గింజలు, చిటికెడు ఉప్పు వేసి మూత దించింది. టపటపలు జోరెత్తి, మళ్ళీ సన్నగిల్లి, గింజకీ గింజకీ మధ్య ఎడం వచ్చినప్పుడు పిడి పట్టుకుని గిన్నె వంచాలి. కాస్త ఆలస్యమైతే మాడుతుంది, తొందరపడితే పచ్చి గింజలు మిగులుతాయి. నదీన్ చేతికి ఆ లెక్క అలవాటే. మణికట్టు మీద పాత వాతలే అందుకు సాక్ష్యం.

యంత్రానికి ఎర్ర రంగు, గాజు తలుపులు. పైన ఇత్తడి రేకు మీద ‘రస్ స్టోల్‌బర్గ్ కానుక’ అని చెక్కి ఉంటుంది. రస్ స్టోల్‌బర్గ్‌కి ఊళ్ళో హార్డ్‌వేర్ షాపు ఉంది. స్కూల్ బోర్డు చైర్మన్ కూడా ఆయనే. ఆ రేకుని ప్రతి శుక్రవారం మెత్తని గుడ్డతో తుడిచే పని సంఘం అధ్యక్షురాలు విట్నీ హాల్‌వర్సన్ ఎవరికీ వదలదు.

కిటికీలోంచి క్వారీ రోడ్డు కనిపిస్తుంది. ట్రైలర్ ఇళ్ళ కాలనీ నుంచి పిల్లలు వస్తున్నారు. సెప్టెంబరు దాకా వాళ్ళకి బస్సు ఉండేది. ఖర్చు తగ్గించాలని బోర్డు ఆ బస్సు తీసేసింది. రెండు మైళ్ళ లోపు వాళ్ళు నడవాలట. బోర్డులో కూర్చున్న ఐదుగురిలో ఒక్కరైనా ఆ రోడ్డు మీద నడిచిన పాపాన పోలేదు. కాలిబాట లేదు. ఒక పక్క కంకర లారీలు, ఇంకో పక్క మురుగు కాలువ, మధ్యలో మనిషి పాదం పట్టేంత గట్టు. నదీన్ మొగుడు డేల్ చీకటితోనే కారు తీసుకుని పక్కూరి ఫ్యాక్టరీకి పోతాడు. నదీన్ మిగతా రోజుల్లో పొద్దున్నే డ్యూటీకి ఎవరో ఒకరి కారెక్కుతుంది, ఆ రోజు యంత్రం కోసం ముందే వచ్చేసింది. రెండో తరగతి చదివే వాళ్ళమ్మాయి ఎల్సీ ఆ గట్టు మీదే వస్తుంది. ప్యాంటు మోకాళ్ళ దాకా తడి, మొహం మీద బూడిదరంగు కంకర దుమ్ము.

ఒక్కో క్లాసు నుంచి ఒక పిల్ల వచ్చి పొట్లాల పెట్టె పట్టుకెళ్ళాలి. మూడో తరగతి నుంచి జోసీ వచ్చింది. కుడిచెయ్యి మోచేతి పైదాకా కట్టు. కిందటి వారం లారీ అద్దం తగిలి కాలువలో పడింది. లారీవాడు ఆగనైనా ఆగలేదు.

“ఏమ్మా జోసీ, నిన్నెందుకు పంపారే?”

“ఈ వారం నా వంతు.” జోసీ ఎడమచేత్తో పెట్టె అంచు పట్టుకుని, గడ్డం ఆనించి ఎత్తబోయింది. పెట్టె ఒరిగింది. పొట్లాలు నేలంతా పరుచుకున్నాయి. పిల్ల వంగి, కట్టు ఉన్న చెయ్యి గాల్లో ఎత్తిపట్టుకుని, ఎడమచేత్తో ఒక్కో పేలం ఏరటం మొదలుపెట్టింది. “సారీ, సారీ” అంటూనే ఉంది.

“వద్దమ్మా, లే. నువ్వెందుకు సారీ చెప్పాలి?” నదీన్ యంత్రం వదిలి తానూ వంగింది.

“అయ్యో పాపం,” అంది విట్నీ పొట్లాల మూతులు మడుస్తూ. “ఇంకో పెట్టె ఇద్దాం. పిల్లలకి రోడ్డు జాగ్రత్తల గురించి రంగు కాగితాలు అచ్చేయిద్దామనుకుంటున్నాను. మంచి బొమ్మలతో.”

“కాగితాలా? లారీవాడికి ఇవ్వు కాగితాలు.”

విట్నీ నవ్వింది. అది జోకనుకుంది. ఈలోగా గిన్నెలోంచి మాడు వాసన వచ్చింది. నదీన్ పిడి వంచటం మర్చిపోయింది. మాడినవన్నీ చెత్తబుట్టలో కుమ్మరించింది.

*

సోమవారం సాయంత్రం సంఘం సమావేశం. ఎప్పటిలాగే లైబ్రరీలో, చిన్నపిల్లల కుర్చీల్లో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. విట్నీ ముందు చెక్క సుత్తి. సంఘం నియమాలు విట్నీకి కంఠోపాఠం. ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, అప్పుడే చర్చ. బలపరిచేవాళ్ళు లేకపోతే ఆ మాట అక్కడికక్కడే చచ్చిపోతుంది, చర్చ కూడా ఉండదు. కార్నివాల్‌లో బెలూన్లు నీలం రంగువా పసుపువా అన్నది కూడా అలాగే తేలింది. మర్నాడు ఎన్నికలు. పోలింగు మా స్కూల్లోనే కాబట్టి వసారాలో కేకుల బల్ల పెట్టాలి. ఎవరు బ్రౌనీలు, ఎవరు గుమ్మడి రొట్టె అన్నదానికి బోలెడు సేపు పట్టింది.

అదంతా అయ్యాక నదీన్ చెయ్యెత్తింది.

“గురువారం బోర్డు మీటింగులో బస్సు రద్దుని శాశ్వతం చేస్తున్నారు. మన సంఘం తరఫున వద్దని చెప్పాలి. ఇది నా ప్రతిపాదన.”

ఎవరో కుర్చీ జరుపుకున్నారు. విట్నీ సుత్తి పిడిని బొటనవేలితో రాసింది.

“నదీన్, నువ్వు తల్లిగా వెళ్ళి చెప్పొచ్చు కదా. ఎవరు కాదన్నారు?”

“వెళ్ళాను, కిందటి నెల. మామూలు మనుషుల్ని ఓటింగు అయ్యాక పిలుస్తారు. రెండు నిమిషాలిస్తారు. నేను నోరు తెరిచేసరికి రస్ గడియారం చూసి థాంక్యూ అన్నాడు. సంఘాల నివేదికలు మాత్రం ఓటింగుకి ముందు. ప్రతి నెలా నువ్వక్కడ నిలబడి కార్నివాల్ గురించి చెబుతావు, వాళ్ళు చప్పట్లు కొడతారు. ఆ చోటు కావాలి నాకు.”

“అది కుదరదు.” విట్నీ చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. “మనది లాభాపేక్ష లేని సంఘం. రాజకీయాల్లోకి దిగకూడదు. దిగితే పన్ను మినహాయింపు పోతుంది. అది పోతే పాప్‌కార్న్ లేదు, కార్నివాల్ లేదు, లైబ్రరీకి పుస్తకాల్లేవు.”

“బస్సు రాజకీయమా?”

“బోర్డు ఓటేసేదేదైనా రాజకీయమే.”

“జోసీ చెయ్యి కూడా రాజకీయమేనా?”

“అట్లా మాట్లాడితే ఎలా నదీన్? మాకు మాత్రం బాధ లేదా? పువ్వులు పంపించాం కదా వాళ్ళింటికి.”

నదీన్‌కి ఒళ్ళు మండిపోయింది. జోసీ తల్లి టాషా ఆ టైములో హోటల్లో గదులు తుడుస్తూ ఉంటుంది. ఈ సంఘం సమావేశాలు ఎప్పుడు జరుగుతాయో కూడా ఆమెకి తెలీదు. ఆ పువ్వులు పెట్టడానికి ట్రైలర్లో గాజు కుండీ లేకపోతే పాల సీసాలో పెట్టింది. అవి వాడిపోయి రెండ్రోజులైంది.

“సరే. నా ప్రతిపాదన చెప్పాను. నియమం ప్రకారం అడుగు.”

విట్నీ గదంతా చూసింది. “బలపరిచేవాళ్ళు ఉన్నారా?”

ఉపాధ్యక్షురాలు గ్వెన్ తన బూటు లేసు చూసుకుంది. గ్వెన్ మంచి మనిషే, ఎవరింట్లో జబ్బు చేసినా సూప్ పట్టుకెళ్తుంది. ఒకరు ఫోను తీశారు. ఇంకొకరు కార్పెట్ మీద అచ్చువేసిన అక్షరాల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. నోట్లో నాలుక లేనివాళ్ళు కారు వాళ్ళు. బెలూన్ల రంగు మీద గొంతులు చించుకున్నవాళ్ళే.

“లేరు కాబట్టి ప్రతిపాదన వీగిపోయింది,” అని విట్నీ సుత్తి తట్టింది. గట్టిగా కాదు, మర్యాదగానే తట్టింది. నదీన్‌కి అది చెంప మీద తగిలింది.

బయట పార్కింగులో గ్వెన్ పరిగెత్తుకొచ్చింది. “నదీన్, ఏమీ అనుకోకు. నాకూ చెప్పాలనే ఉంది. కానీ ఆ పన్ను గొడవ, నాకేం తెలుసు?”

“తెలీనప్పుడు అడగాలి గ్వెన్. బూటు లేసు చూసుకోకూడదు.”

నదీన్ రోడ్డెక్కి, ఎల్సీ నడిచే గట్టు మీదే ఇంటికి నడిచింది. లారీ ఒకటి పక్కనుంచి దూసుకుపోయినప్పుడు ఆమె కోటు గాలికి లాక్కుపోయినట్టయింది. తిట్టుకుంది, బోర్డుని, లారీని, కార్పెట్ చూసినవాళ్ళందర్నీ, ఒక్కొక్కర్నీ పేరుపేరునా.

*

మంగళవారం డ్యూటీ అయ్యాక నదీన్ గుమ్మడి రొట్టెలు పట్టుకుని వసారాకి వెళ్ళింది. రానంటే పోయేది. కానీ ఒప్పుకున్న రొట్టెలు ఇవ్వకపోవటం ఆమెకి చేతకాదు. రొట్టె మీద కాగితం చుట్టి, అంచులు లోపలికి మడిచి, పురికొసతో కట్టి, వరసగా పేర్చింది. పక్కన యంత్రం కూడా పెట్టారు. ఓటేసి వచ్చినవాళ్ళు కోటు మీద చిన్న స్టిక్కరు అతికించుకుని బల్ల దగ్గర ఆగుతున్నారు.

రస్ స్టోల్‌బర్గ్ వచ్చాడు. చైర్మన్ పదవికి కాదు గానీ బోర్డు సభ్యుడిగా మళ్ళీ నిలబడ్డాడు. ఓటేసి పోక, బల్ల దగ్గరే తిష్ఠ వేసి అందరి చేతులూ ఊపాడు.

“నదీన్! ఈ రొట్టె వాసన షాపు దాకా వచ్చింది తెలుసా?”

“షాపు దాకా కాలిబాట ఉంది కదండీ, వస్తుంది,” అంది నదీన్.

రస్‌కి అర్థమయిందో లేదో, గట్టిగా నవ్వాడు. విట్నీ పొట్లం అందిస్తే యంత్రం పక్కన నిలబడి ఒక పేలం నోట్లో వేసుకుంటూ ఫొటో తీయించుకున్నాడు. పోతూ పోతూ తన బొమ్మ ఉన్న కరపత్రాల కట్ట బ్రౌనీల పక్కన పెట్టాడు. విట్నీ దాన్ని చక్కగా సర్ది, పైన ఒక బ్రౌనీ బరువు పెట్టింది. తర్వాత ఫోనులో ఏదో టైపు చేసి నదీన్‌కి చూపించింది. సంఘం పేజీలో ఆ ఫొటో. కింద రాసి ఉంది: ‘మన పిల్లల మిత్రుడు రస్. ఓటేద్దాం రండి!’

“బావుందా?”

నదీన్ ఫోను పట్టుకున్న చేతిని చూసింది. రాజకీయం వద్దని నిన్న సుత్తి తట్టిన చెయ్యే ఇది. అదే చెయ్యి, అదే ఉంగరం.

అప్పుడు లోపల ఓటర్ల పేర్లు చూసే బల్ల దగ్గర్నుంచి మిసెస్ ఆర్డ్‌వే లేచి వచ్చింది. ప్రతి ఎన్నికల్లోనూ పోలింగు పనికి కూర్చునే మనిషి. ఎనభై దాటింది. చేతికర్ర ఉంది గానీ దాన్ని ఎక్కువగా మనుషుల్ని చూపించడానికే వాడుతుంది. కాఫీ కోసం వచ్చి కరపత్రాలు చూసింది.

“ఇవేంటి ఇక్కడ?”

“రస్‌వి,” అంది విట్నీ.

“ఎవరివైతే నాకేం? బయట పోలింగు హద్దు జెండాలు కనపడుతున్నాయా? వాటి లోపల ప్రచార కాగితం ఉండకూడదు. తియ్.” విట్నీ గబగబా తీసేసింది. ముసలావిడ కర్రతో యంత్రాన్నీ బల్లనీ కలిపి చూపించింది. “అసలు పిల్లల సంఘం బల్ల మీద ఒక అభ్యర్థి కాగితాలేంటి? నేను అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు ఇలా చేస్తే కౌంటీలో మన పై సంఘం వాళ్ళు చెవులు పిండేవాళ్ళు.”

“మీరు సంఘం అధ్యక్షురాలా?” అంది నదీన్.

“మరి క్వారీ రోడ్డు బస్సు ఎవరు తెచ్చారనుకున్నావ్? దానంతటదే వచ్చిందా? పదకొండు మంది తల్లులం, చంకలో పిల్లల్ని వేసుకుని పోయి బోర్డు ముందు కూర్చున్నాం. నా చిన్నాడు చైర్మన్ కాళ్ళ మీద పాలు కక్కాడు. మర్నెల బస్సొచ్చింది.”

“సంఘం పేరు మీదే వెళ్ళారా? రాజకీయం అనలేదా? పన్ను మినహాయింపు పోలేదా?”

“ఎవరు చెప్పారే నీకు?” మిసెస్ ఆర్డ్‌వే కళ్ళజోడు సర్దుకుని చూసింది. “పిల్లల బస్సు, పిల్లల తిండి, పిల్లల నీళ్ళు, వీటి గురించి మాట్లాడకపోతే సంఘం ఎందుకు? పాప్‌కార్న్ అమ్ముకోడానికా? ఎంతైనా అడగొచ్చు. చెయ్యకూడనిది ఒక్కటే. ఫలానా మనిషికి ఓటెయ్యండి, ఫలానా మనిషికి వెయ్యకండి అనకూడదు. ఇంత చిన్న ముక్క కూడా తెలీకుండా సుత్తి పట్టుకున్నారా?”

విట్నీ మొహం తెల్లగా పాలిపోయింది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. నదీన్ ఆ ఫోను వంక చూసింది, విట్నీ వంక చూసింది. రొట్టె కట్టిన పురికొస ఆమె వేలికి చుట్టుకుని బిగిసి, వేలి కొస ఎర్రగా అయిపోయింది.

ఆ రాత్రి ఫలితాలొచ్చాయి. రస్ గెలిచాడు.

*

బుధవారం మధ్యాహ్నం విట్నీ లాండ్రీకి వచ్చింది. వృద్ధాశ్రమం వెనక గుమ్మం నుంచి, ఆవిరిలోకి. ఎప్పుడూ రానిచోటు కాబట్టి ఎక్కడ నిలబడాలో తెలీక ట్రాలీ పక్కన నిలబడింది. నదీన్ ఆరిన దుప్పట్లు డ్రయ్యర్‌లోంచి లాగుతోంది.

“ఫొటో తీసేశాను,” అంది విట్నీ.

“చూశాను.”

“కానీ చాలామంది చూసేశారు. నదీన్, నాకు నిజంగా తెలీదు. ముందున్న అధ్యక్షురాలు చెప్పింది, ఆమెకి అంతకుముందావిడ చెప్పింది, రాజకీయాలు వద్దు అని. రస్ రాజకీయం అని నాకు తట్టనే లేదు. రస్ అంటే... రస్ కదా. యంత్రం ఇచ్చాడు.”

“అంతే. యంత్రం ఇచ్చినవాడు మనవాడు. కాలువలో పడ్డ పిల్ల రాజకీయం.”

విట్నీ కళ్ళు తుడుచుకుంది. “నువ్వు కౌంటీకి ఫిర్యాదు చేస్తావా?”

నదీన్ ఒక దుప్పటి తీసి, రెండు మూలలు పట్టుకుని, మిగతా రెండు మూలలు విట్నీ వైపు విసిరింది. విట్నీ అలవాటు లేని చేతుల్తో పట్టుకుంది. ఇద్దరూ వెనక్కి జరిగి బిగించారు, ముందుకొచ్చి కలిపారు, మళ్ళీ వెనక్కి జరిగారు. నదీన్ చేతికి చెయ్యి తగిలినప్పుడల్లా విట్నీ తల దించుకుంది.

“చెయ్యొచ్చు,” అంది నదీన్ మూడో దుప్పటి దగ్గర. “చేస్తే నీ పరువు పోతుంది. కొన్నాళ్ళు అందరూ దాని గురించే చెప్పుకుంటారు. ఎల్సీ మాత్రం అదే గట్టు మీద నడుస్తుంది. నాకేం ఒరుగుతుంది? నిన్ను ఏడిపించి నేనేం చేసుకోను?”

“మరి ఏం కావాలి నీకు?”

“సోమవారం నేనేం అడిగానో అదే. నువ్వు కార్నివాల్ గురించి చెప్పే ఆ చోట్లో బస్సు గురించి చెప్పాలి. నేను కాదు, నువ్వు. నేను చెబితే ట్రైలర్ కాలనీ ఆవిడ గోల అంటారు. నువ్వు చెబితే సంఘం అంటారు. అది అన్యాయమే, తెలుసు. దాని మీద కూడా నాకు ఒళ్ళు మంటే.”

విట్నీ దుప్పటి అంచు వదలకుండా నిలబడింది. “సంఘం ఓటెయ్యకుండా నేను చెప్పలేను.”

“అయితే ఓటు పెట్టు.”

ఆ సాయంత్రం లైబ్రరీలో అత్యవసర సమావేశం జరిగింది. టాషా కూడా వచ్చింది, హోటల్ యూనిఫాంలో, జోసీని పక్కన కూర్చోబెట్టుకుని. నదీన్ ప్రతిపాదించింది. కుర్చీలో ఉన్న మనిషి బలపరచకూడదని నియమం. విట్నీ లేచి, చెక్క సుత్తిని గ్వెన్ చేతిలో పెట్టి, వచ్చి నదీన్ పక్కన చిన్న కుర్చీలో కూర్చుని, “నేను బలపరుస్తున్నాను,” అంది. ఇక చర్చ మొదలయింది. ఎంతోమందికి ఎంతో చెప్పాలని ఉందని అప్పుడు తెలిసింది. గ్వెన్ సుత్తి తట్టలేక తట్టలేక తట్టింది. ఒక్కరు తప్ప అందరూ చేతులెత్తారు.

*

గురువారం బోర్డు హాల్లో ఐదుగురూ ఎత్తైన బల్ల వెనక కూర్చున్నారు. రస్ మధ్యలో, గెలిచిన మనిషి ఉల్లాసంతో. సంఘాల నివేదికల వంతు వచ్చేసరికి వాళ్ళంతా కుర్చీల్లో వెనక్కి వాలారు. ఒకాయన పిప్పరమెంటు చప్పరించటం మొదలెట్టాడు. విట్నీ నివేదికంటే వాళ్ళకి విరామం.

విట్నీ మైకు ముందు నిలబడి కాగితం విప్పింది. “ముందుగా, కార్నివాల్‌కి వచ్చినందుకు అందరికీ...”

నదీన్ కుర్చీలో ముందుకు జరిగింది. అంతేనా? మళ్ళీ అదేనా? టాషా ఆమె మోచెయ్యి పట్టుకుంది. రస్ చప్పట్లు కొట్టడానికి చేతులు దగ్గరికి తెచ్చాడు కూడా.

విట్నీ ఆగింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో పెట్టుకుంది.

“మా సంఘం నిన్న ఓటేసింది. క్వారీ రోడ్డు బస్సు తిరిగి వెయ్యాలని అడుగుతున్నాం. ఈ రాత్రి మీరు వెయ్యబోయే ఓటు తప్పని చెబుతున్నాం. మా పిల్లలు లారీలకీ కాలువకీ మధ్య నడుస్తున్నారు. ఒకమ్మాయి చెయ్యి విరిగింది, అదుగో అక్కడ కూర్చుంది.”

పిప్పరమెంటు ఆయన చప్పరించటం ఆపాడు. రస్ ముందుకు వంగి, మైకుని అరచేత్తో కప్పి, నవ్వుతూ అన్నాడు, హాలంతటికీ వినపడేలాగే: “విట్నీ, విట్నీ. ఒక్క నిమిషమమ్మా. మీది లాభాపేక్ష లేని సంఘం. ఈ రాజకీయాల జోలికి రాకూడదు మీరు. నీకు తెలియంది కాదు కదా. ఎవరో నిన్ను ఎగదోశారు.”

విట్నీ మెడ దగ్గర్నుంచి మొహమంతా ఎర్రబడింది. వెనక్కి తిరిగి నదీన్ వంక చూడలేదు.

“సోమవారం ఈ మాటే నేను నదీన్‌కి చెప్పాను స్టోల్‌బర్గ్ గారూ. అక్షరం పొల్లుపోకుండా ఇదే. అది తప్పు. బస్సు గురించి మేం అడగొచ్చు, ఎన్నిసార్లైనా. మేం చెయ్యకూడనిది మీకు ఓటెయ్యమని చెప్పటం. అది చేశాం. మంగళవారం, కేకుల బల్ల దగ్గర, మా సంఘం పేజీలో. చేసింది నేనే, వేరెవరూ కాదు. మీరు పక్కనే నిలబడి పాప్‌కార్న్ తిన్నారు. అప్పుడు మీకు నియమం గుర్తు రాలేదు.”

వెనక వరసలో మిసెస్ ఆర్డ్‌వే కర్ర నేలకేసి ఒకసారి కొట్టింది.

తర్వాత జరిగింది బోర్డులకి అలవాటైన పనే. ఒక సభ్యురాలు వాయిదా ప్రతిపాదించింది, ఒకాయన బలపరిచాడు. రద్దు శాశ్వతం కాలేదు, బస్సూ తిరిగి రాలేదు. జనవరిలో పరిశీలిస్తారట. నవంబరు, డిసెంబరు, మంచు, పొద్దుటి చీకటి, అవన్నీ పిల్లలు నడవాలి, పెద్దలు పరిశీలించడానికి.

బయట మెట్ల మీద విట్నీ కూర్చుండిపోయింది. “అయిపోయింది. రేపు నన్ను తీసేస్తారు కాబోలు. అయినా ఏమీ రాలేదు.”

“జనవరట!” టాషా చేతిసంచీ మెట్టుకేసి కొట్టింది. “జనవరికి ఇంకెంతమందికి కట్లు కట్టాలో!”

నదీన్ రోడ్డు వంక చూసింది. “విట్నీ, రేపు శుక్రవారం. పొద్దున్నే పాప్‌కార్న్‌కి ఎంతమంది వస్తారు?”

“అందరూ. ఎందుకు?”

“స్కూలు దగ్గరికి వద్దని చెప్పు. మా కాలనీ గేటు దగ్గరికి రమ్మను.”

*

శుక్రవారం ఎర్ర యంత్రం మీద గుడ్డ కప్పే ఉంది. ఎన్నేళ్ళలోనో మొదటిసారి స్కూల్లో నూనె వాసన రాలేదు.

సంఘం వాళ్ళు కార్లు కాలనీలో వదిలి, పిల్లల్ని మధ్యలో పెట్టుకుని క్వారీ రోడ్డెక్కారు. గట్టు మీద పెద్దవాళ్ళు పట్టరు. కాబట్టి రోడ్డు మీదే నడిచారు, ఒక వైపు మొత్తం నిండేలా. విట్నీ మెరిసే బూట్లు వేసుకొచ్చింది. మొదటి మలుపులోనే ఒక బూటు బురదలో కూరుకుపోయింది. ఎదురు వైపు నుంచి లారీ ఒకటి కంకర దుమ్ము చిమ్ముతూ పోయింది. విట్నీ కెవ్వున అరిచి ఎల్సీ భుజం పట్టుకుంది.

“భయపడకండి,” అంది ఎల్సీ. “కాలువ వైపు వంగితే సరిపోతుంది. నేను రోజూ వంగుతాను.”

విట్నీ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. మళ్ళీ వదల్లేదు.

వెనక లారీలు ఆగిపోయాయి. ముందున్నవాడు హారను కొట్టాడు. దాని వెనకవాడూ కొట్టాడు. వంతెన దాకా వరస కట్టాయి. గ్వెన్, సూప్‌లు మోసే గ్వెన్, వెనక్కి తిరిగి, “స్కూలుకెళ్తున్నాం, కనపడటం లేదా! కొట్టు, ఇంకా కొట్టు!” అని అరిచింది. జోసీ కట్టున్న చెయ్యి పైకెత్తి ఊపింది. పిల్లలకి అదంతా పండగలా ఉంది. ఒకడు మాత్రం పాప్‌కార్న్ ఏదని అడుగుతూనే ఉన్నాడు.

విట్నీ జేబులో ఫోను మోగింది. తీసి చూసి చెవికి పెట్టుకుంది. కొంచెంసేపు విని, ఫోనుని లారీల వైపు తిప్పి గాల్లో పట్టుకుంది. హారన్లన్నీ అందులోకి పోయాయి. మళ్ళీ చెవికి పెట్టుకుంది.

“ఎవరు?” అంది నదీన్.

“రస్. క్వారీ వాళ్ళు ఫోను చేశారట ఆయనకి. ఇది పద్ధతి కాదట. మనిద్దర్నీ ఆఫీసుకి రమ్మంటున్నాడు. కాఫీ తాగుతూ తీరిగ్గా మాట్లాడుకుందామట, బస్సు గురించి.”

నదీన్ చెయ్యి చాపింది. విట్నీ ఫోను ఇచ్చింది.

“స్టోల్‌బర్గ్ గారూ, నేను నదీన్‌ని. ఆఫీసుకి రావటం కుదరదండీ, పిల్లలు మాతో ఉన్నారు. మీరే రండి. క్వారీ రోడ్డు మీదున్నాం, రెండో మలుపు దగ్గర.” ఎల్సీ కోటు గుండీ ఊడిపోతే ఇంకో చేత్తో పెట్టింది. “కారు తేకండి. ఇక్కడ పట్టదు. నడిచి రండి.”